రెండో గ్లాసు

మా ఆయన్ని వీధిలో అందరూ పైపుల మాస్టారు అంటారు. బళ్లో పాఠాలు చెప్పిన మనిషి కాదు. పెద్దాసుపత్రిలో ఇరవై రెండేళ్లు నీళ్ల గొట్టాలు చూసి, రిటైరయ్యాక ఇంటి పక్క షెడ్డులో క్యాంపర్ వ్యాన్లకి నీళ్ల పని చేస్తున్నారు. అదే, మంచం, పొయ్యి, సింకు, అన్నీ లోపలే పెట్టుకుని తిరిగే బళ్లు. కుళాయి కారుతోందని ఎవరైనా వస్తే చాలు, కూర్చోబెట్టి అరగంట పాఠం చెప్పిగానీ పానా ముట్టుకోరు. "ఇంట్లో నీళ్లు పైనుంచి దిగుతాయి. బండిలో ట్యాంకు మంచం కింద ఉంటుంది, పంపు తోస్తేనే నీళ్లు ఎక్కుతాయి. కాబట్టి కుళాయిని తిట్టకండి, ముందు పంపు ఏమంటోందో వినండి" అంటారు. వినీ వినీ నేనైతే నిద్దట్లో కూడా అప్పజెప్పగలను.

ఆయనకో అలవాటుంది. ఏ బండైనా షెడ్డు దాటేముందు దాని నీళ్లు ఆయన తాగి చూడాలి. చన్నీళ్ల కుళాయిలోంచి ఒక గ్లాసు, వేడినీళ్ల కుళాయిలోంచి పట్టి చల్లార్చి ఇంకో గ్లాసు. చెడిన నీళ్లు మనిషి ప్రాణం మీదకి తెస్తాయని ఆసుపత్రిలో నేర్చుకున్న భయం అది. రెండేళ్ల కిందట ఆయన గుండె బలహీనపడిందని, ఒంట్లో నీరు చేరుతోందని, రోజు మొత్తానికి లీటరు మించి తాగొద్దని డాక్టరు చెప్పాడు. పొద్దున్నే ఒక సీసా నింపి బల్ల మీద పెడతాను. కప్పు టీ తాగితే కప్పు నీళ్లు ఆ సీసాలోంచి పారబోస్తారు, అంత లెక్క మనిషి. దాంతో ఆ రెండు గ్లాసులూ తాగే పని నా మీద పడింది. "నీ నాలుక నా నాలుక కంటే పదును" అంటూ గ్లాసు చేతికిచ్చారు. మెచ్చుకున్నారో, ఎత్తిపొడిచారో ఇప్పటికీ తెలియదు.

ఆ మధ్య వచ్చిన బండి ఒక కుర్ర జంటది. మూడు నెలల పాప ఉంది వాళ్లకి. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా పంపు ఉండి ఉండి టక్కుమంటోందని తెచ్చారు. "ఎక్కడో కారుతోంది, అందుకే పంపు ఊరుకోవడం లేదు" అన్నారు మా ఆయన. ప్రతి అతుక్కీ పాత పేపరు ముక్క చుట్టి వదిలేశారు. మర్నాటికి సింకు వెనక అతుకు దగ్గర పేపరొక్కటే తడిసింది. ఆ అతుకు మార్చారు. అయితే బండి ఆర్నెల్లు కదలకుండా నిలబడిందట, ట్యాంకులో నీళ్లు పాచి కంపు. ఇక దాన్ని కడగాలి. ట్యాంకులో ఘాటుగా క్లోరిన్ మందు కలిపి, గొట్టాల నిండా ఎక్కించి, రాత్రంతా ఉంచి, పొద్దున్న వదిలేసి, మూడుసార్లు మంచినీళ్లతో తొలవాలి. మందు నిలిచిన ప్రతి చోటా ఆయన ఎర్రగుడ్డ పీలిక కడతారు. ట్యాంకుకి ఒకటి, సింకు కుళాయికి ఒకటి, స్నానాల కుళాయికి ఒకటి, మంచం కింద అరలో ఉన్న గీజరుకి ఒకటి. తొలిచిన చోటల్లా పీలిక విప్పి జేబులో వేసుకుంటారు. నాలుగూ జేబులో చేరితే పని అయినట్టు.

ఆ తొలిచే రోజు సాయంత్రం వస్తామన్న వాళ్లు పదకొండింటికే వచ్చి వాకిట్లో హారన్ కొట్టారు. ఈయన పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, మందులు వేసుకోలేదు. మడమలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన అరుగు మీద కూలబడి "కాస్త ఆ నీళ్లు చూసి పెట్టవే" అన్నారు.

చన్నీళ్లు తాగాను. వంక పెట్టడానికి లేదు. వేడినీళ్లు పట్టి చల్లార్చాలంటే ఇంకో పది నిమిషాలు. అక్కడ కంచంలో అన్నం ఆరిపోతోంది.

"తాగావా?" అన్నారు.

"తాగాను."

"రెండూ?"

"రెండూ తాగానండీ. ఆ బండికి ఏ రోగమూ లేదు, రోగమంతా మీకే. లేచి భోజనానికి రండి."

నా మాట మీద ఆయన పీలికలు లెక్కపెట్టుకోలేదు. బండి వెళ్లిపోయింది. పిల్ల తల్లి కిటికీలోంచి చెయ్యి ఊపింది. "వేడినీళ్లు వస్తున్నాయి కదాండీ, ఇక పాప పాలకి ఇబ్బంది లేదు" అని కూడా అంది. నేనూ నవ్వుతూ చెయ్యి ఊపాను.

మూడింటికి ఆయన పడుకుని ఉన్నారు. చొక్కా నానబెడదామని జేబు తిరగేశాను. రెండు మరలు, పెన్సిలు ముక్క, ఎర్ర పీలికలు. ఒకటి, రెండు, మూడు. జేబు లోపలి గుడ్డ బయటికి లాగాను. బకెట్టు చుట్టూ, గుమ్మం దగ్గర, షెడ్డు నేలంతా వంగి వెతికాను. మూడే. ట్యాంకు పీలిక బండి బయట నీళ్లు పోసే మూతకి కడతారు, రెండు కుళాయిలూ కళ్లెదుటే ఉంటాయి. కనబడకుండా మిగిలేది అరలోని గీజరొక్కటే. అందులో పది లీటర్ల మందునీళ్లు. పిల్ల తల్లి పాప పాల గురించి అన్న మాట గుర్తొచ్చింది.

వాళ్లకి ఫోను చేశాను. కలవలేదు. ఇంకోసారి చేశాను. ఆయన్ని లేపడానికి మంచం దాకా వెళ్లి, ఏం చెప్పాలో తెలియక, నిజంగా చెబుతున్నాను, ఒక్క క్షణం వెనక్కి తిరిగాను కూడా. అంత పిరికిదాన్నని నాకు తెలియదు.

"ఏమండీ, పీలికలు మూడే ఉన్నాయి."

ఆయన కళ్లు తెరిచి ఆలోచించారు. "గీజరుది మర్చిపోయానా? లేదులే. నువ్వు వేడినీళ్లు తాగావుగా. మందుంటే నోట్లో పెట్టుకోగానే తెలిసేది. పీలిక ఎక్కడో జారిపోయి ఉంటుంది." మళ్లీ పక్కకి తిరిగారు.

"తాగలేదండీ" అన్నాను. "వేడివి తాగలేదు."

ఆయన లేచి కూర్చున్నారు. నా వంక చూడలేదు. కారు తాళాలు ఎక్కడున్నాయని మాత్రం అడిగారు.

వాళ్లు సరస్సు దగ్గర బళ్లు నిలుపుకునే చోట ఆగుతామన్నారు. గంట దారి. మా పాత కారుని ఆయన ఎన్నడూ అంత జోరుగా నడపలేదు. దారంతా ఫోను చేస్తూనే ఉన్నాను, అది కలవనే లేదు. ఎదురుగా ఒక అంబులెన్సు వచ్చింది. అది అటునుంచే వస్తోంది.

"పాపకి ఎన్ని నెలలు?" అన్నారు ఆయన.

"మూడు."

ఆయన ఇంకా జోరు పెంచారు.

బండి చెట్ల కింద ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. మంచం మీద పాప కదలకుండా పడుకుని ఉంది. పక్కన ఖాళీ పాలసీసా. నేను మెట్టు మీదే చతికిలబడ్డాను. పిల్ల తల్లి వేలు పెదాల మీద పెట్టుకుని "ఇప్పుడే నిద్రపోయిందండీ" అని గుసగుసగా అంది.

"ఆ పాలు ఏ నీళ్లతో కలిపావమ్మా?" అన్నారు మా ఆయన.

"అవా, ఇంట్లో కాచి ఫ్లాస్కులో తెచ్చిన నీళ్లు. అవి అయిపోయాయి. ఇదిగో, లేవగానే పట్టడానికి ఇప్పుడే వేడినీళ్లు పట్టి కలిపాను." సింకు పక్కన ఇంకో సీసా నిండుగా ఉంది. "కాస్త వాసనొచ్చింది గానీ, కొత్తగా కడిగారు కదా, మామూలేననుకున్నా."

మా ఆయన ఆ సీసా తీసి మూత విప్పి వాసన చూశారు. నాకూ చూపించారు. ముక్కు మండింది. ఆయన దాన్ని సింకులో పారబోసి, మంచం కింద అర తెరిచారు. గీజరు మెడకి ఎర్రపీలిక కట్టినది కట్టినట్టే ఉంది.

"నాదే పొరపాటమ్మా. ఇది కడగడం మర్చిపోయాను" అన్నారు ఆ అమ్మాయితో. అంతే. నా సంగతి ఎత్తలేదు. వీధి వీధంతా వినబడే నోరు నాది, ఆ పూట పెగల్లేదు.

గంటన్నర పట్టింది. గీజరు ఖాళీ చేసి, మూడుసార్లు తొలిచి, మందునీళ్లు తగిలిన పాలసీసా పారేయించి, పీలిక విప్పి జేబులో వేసుకున్నారు. చన్నీళ్లు ఒక గ్లాసు, వేడినీళ్లు ఒక గ్లాసు పట్టారు. అలవాటుగా చెయ్యి చాపాను. ఆయన నా చెయ్యి చూశారు. చూసి, రెండు గ్లాసులూ తనే తాగారు. రెండోది చల్లారేదాకా నిలబడి మరీ తాగారు.

తిడితే బాగుండేది. ఇంటికొచ్చాక సీసాలోంచి రెండు గ్లాసుల నీళ్లు పారబోశారు.

ఆ తర్వాత నాలుగు బళ్లు షెడ్డు దాటాయి. నాలుగింటివీ ఆయనే తాగారు. అన్నిటికీ నోరు చేసుకునే నేను, ఆ గ్లాసులు ఇలా ఇవ్వండని మాత్రం అడగలేకపోతున్నాను. బండి వెళ్లే రోజు మధ్యాహ్నానికే సీసా అయిపోతుంది. ఆయన ఎండలోంచి లోపలికొచ్చి, ఖాళీ సీసా వంక ఒకసారి చూసి, తడిగుడ్డతో పెదాలు తుడుచుకుని మళ్లీ పనిలోకి వెళ్తారు.