దొంగ ముఖం చెక్కని పెద్దాయన

మా అచ్చుకూటంలో చెక్క దిమ్మల మీద బొమ్మలు చెక్కే పెద్దాయన పోయిన ఆదివారం కన్నుమూశారు. వాళ్ల చర్చి ఉపదేశిగారు వచ్చి ఆ కబురు చెబితే, చేతిలోని ప్రూఫు కాగితాలు కింద పెట్టేశాను. మా పత్రికలో నా డిటెక్టివు కథలు చదివే మీరు ఆయన్ని ఎరగరు. ఆయన బొమ్మల్ని ఎరుగుదురు.

ఉలి పట్టేముందు లోపల పగులుందేమోనని దిమ్మను చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టేవారు. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి గనక, పక్కన చిన్న అద్దం పెట్టుకుని చూసుకునేవారు. "బొమ్మ తిరగబడితే ఫరవాలేదండి, మనిషి మారిపోకూడదు" అనేవారు.

జమీందారుగారింట్లో హారం పోయిన కథలో నేనొక పడవవాణ్ణి దొంగను చేశాను. ముఖం క్రూరంగా ఉండాలని ఆయనకు చెప్పాను. మూడు రోజులు రాజమండ్రి రేవులో కూర్చుని, పడవవాళ్లను చూసి, చెక్కి తెచ్చారు. దిమ్మ మీద తెడ్డు పట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి నవ్వుతున్న మనిషి! ఆ కళ్ల చుట్టూ ముడతలు కూడా చెక్కారు. నాకు కోపం వచ్చింది.

"ఇదేంటండీ? ఇతన్ని దొంగంటే ఎవరు నమ్ముతారు?"

"క్రూరత్వం ఎంత వెతికినా దొరకలేదండి. మరి మీరెలా నమ్మారండి?"

ఇంటికెళ్లి నా కథ నేనే మళ్లీ చదివాను. పేదవాడన్న మాట తప్ప వాడి మీద ఒక్క ఆధారమూ లేదు. రేవులో బతికే వాళ్లందరి మీదా అనుమానం అచ్చువేసి ఊరూరా పంచబోయానని అప్పుడు తెలిసింది. కథంతా తిరగరాశాను. హారం జమీందారుగారి బావమరిది పెట్టెలో దొరికింది.

చివరి భాగానికి సంకెళ్ల బొమ్మ అడిగాను. ఆయన ఒక వీధిని చెక్కి తెచ్చారు. ఏ తలుపుకీ గడియ లేదు. అరుగు మీద జమీందారూ పడవవాడూ ఒకే చాప మీద కూర్చున్నారు.

"దొంగ దొరికితే సరిపోద్దా అండి? దొంగతనం అక్కర్లేని ఊరు కూడా చూపించాలి గదండీ."

"అలాంటి ఊరు ఎక్కడుందండీ?"

"లేదు గనకే చెక్కాల్సొచ్చిందండి."

అదే అచ్చు వేశాం.

సమాధి చేసి వచ్చాక ఆయన భార్య నా చేతిలో ఒక దిమ్మ పెట్టారు. "ఆఖరిదండి. మీ డిటెక్టివుగారికి ఇంక పని లేదని చెప్పి, తనలో తనే నవ్వుకునేవారు."

అచ్చుకూటానికి తెచ్చి, సిరా రాసి, కాగితం మీద అద్దాను. డిటెక్టివు తలపాగా తీసి పక్కన పెట్టి, రాతిమెట్టు మీద గాలం వేసుకుని కూర్చున్నాడు. ముఖంలో ఎక్కడా తొందర లేదు. నీళ్లు చెక్కకుండానే పెద్దాయన వెళ్లిపోయారు. ఉలి తగలని ఆ చోటంతా సిరా పట్టి, డిటెక్టివు పాదాల కింద, గోదావరి నల్లగా, నిండుగా, ఇంకా తడిగా మెరుస్తోంది.