ఏడో నంబర్ బెడ్, రెండు బంద్‌లు

దెయ్యాల విషయంలో నాది మొదటి నుంచీ ఒకటే మాట. ఆధారం చూపిస్తే ఆలోచిస్తాను. చూపించిన వాళ్లు లేరు కాబట్టి ఆలోచించే శ్రమ తప్పింది. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దెయ్యమని అనడం లేదు. ఏమనాలో తెలియక రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. నేను క్యాంపస్‌లో ఒక శిక్షణ కోర్సులో ఉన్నాను. ఆసుపత్రుల్లో రోగుల విషయంలో పొరపాట్లు ఎలా జరుగుతాయి, ఎలా ఆపాలి అన్నదాని మీద పరిశోధన చేయడం నేర్పేవారు. మాది తెనాలి వైపు. లాలాపేట్‌లో అద్దెకు ఉండేవాళ్లం. ఆ రోజుల్లో నా యాసతో క్యాంపస్ క్యాంటీన్‌లో టీ అడగడం కూడా ఒక మోస్తరు పరిశోధనే.

మా మేడం ఒక నియమం దగ్గర చాలా కఠినంగా ఉండేవారు. ఫోన్‌లో వార్డుకు ఏం చెప్పినా, విన్నవాళ్లు ఆ మాట తిరిగి చెప్పాలి. చెప్పేదాకా ఫోన్ పెట్టకూడదు. ఈ అలవాటు ముదిరి, ఇంట్లో అమ్మ కొత్తిమీర తెమ్మన్నా "కొత్తిమీర, ఒక కట్ట" అని తిరిగి చెప్పేవాణ్ని. అమ్మ విసుక్కునేది.

నాకిచ్చిన పని, బంద్ రోజుల్లో సిబ్బంది రాలేక రోగులకు అందకుండా పోతున్న మందులను లెక్కతీయడం. తార్నాకలో ఒక ఆసుపత్రి వార్డు నుంచి మందుల చార్టుల జిరాక్సులు రోజూ వచ్చేవి. రోగుల పేర్లు నల్ల ఇంకుతో కొట్టేసి ఇచ్చేవారు. మాకు తెలిసేది బెడ్ నంబర్ ఒక్కటే. ఇవ్వని మందు కనిపిస్తే వెంటనే వార్డుకు ఫోన్ చేయాలి.

ఆ రోజు వరుసగా రెండో బంద్. బస్సుల్లేవు. పొద్దున్నే నడిచి క్యాంపస్ చేరాను. గేటు వైపు నుంచి నినాదాలు, మధ్యమధ్యలో టియర్ గ్యాస్ పేలుతున్న చప్పుడు. కిటికీలు మూసుకుని ముందురోజు చార్టులు చూస్తూ ఏడో బెడ్ దగ్గర ఆగాను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్. ముందురోజు సాయంత్రం గడిలో టిక్కు లేదు. చేత్తో ఒకటే మాట రాసి ఉంది: బంద్.

నిన్న బంద్, సిస్టర్ రాలేదు, ఇంజెక్షన్ పడలేదు. నా ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని, సిగ్గు విడిచి చెప్పాలంటే, కొంచెం సంతోషించాను కూడా.

మొబైల్ నుంచి వార్డు ల్యాండ్‌లైన్‌కు చేశాను. మూడో రింగుకు ఒకావిడ ఎత్తింది. పెద్ద వయసు గొంతు. ఏ తొందరా లేదు. ఏడో బెడ్‌కు నిన్నటి ఇంజెక్షన్ పడలేదు, ఇప్పుడైనా ఇచ్చేయండి అన్నాను. డాక్టర్‌ను అడిగి ఇవ్వమనాలి. ఆ ముక్క మర్చిపోయాను. తిరిగి చెప్పమని అడగడం మాత్రం మర్చిపోలేదు.

"ఏడో బెడ్, బంద్," అంది.

కాదమ్మా, ఇవ్వాలి అన్నాను. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే మాట. బంద్ ఉంటేనేం, మీరు డ్యూటీకి వచ్చారు కదా అని గొంతు పెంచాను. అవతల వార్డులో ఉండాల్సిన చప్పుడు ఒక్కటీ లేదు. ట్రాలీ లేదు, దగ్గు లేదు.

"గా బంద్ కాదు సారూ. గిది వేరే బంద్. మల్లేశన్నకు సూది ఎయ్యొద్దు. ఇప్పుడు నువ్వు తిరిగి చెప్పు."

ఎందుకు చెప్పానో తెలియదు. "ఏడో బెడ్, సూది వెయ్యొద్దు" అన్నాను.

"గంతే," అని పెట్టేసింది.

మల్లేశన్న ఎవరో నాకు తెలియదు. పక్క బెడ్ మనిషితో పొరబడిందేమో అనిపించింది. అదే నిజమైతే ఏడో బెడ్ మనిషి ప్రాణం మీదికి వస్తుంది. మళ్లీ చేశాను. ఈసారి రింగే పోలేదు. కర్చీఫ్ ముక్కుకు కట్టుకుని తార్నాక వైపు నడిచాను. దారిలో పోలీసులు రెండుసార్లు ఆపారు. రెండుసార్లూ ఆసుపత్రికి అని మాత్రమే చెప్పాను. వాక్యం పొడుగైతే యాస బయటపడుతుంది.

వార్డులో ఉన్నది మగ నర్సు యాదగిరి బ్రదర్ ఒక్కడే. పక్క వార్డు నుంచి ఆ పొద్దున్నే ఇక్కడికి వేశారట. ఏడో బెడ్ తలవైపు బోర్డు చూశాను. మల్లేశ్ అని ఉంది.

ఇద్దరం కేస్ షీట్ తెరిచాం. ముందురోజు మధ్యాహ్నం రక్తం కక్కుకున్నాడని, ఇంజెక్షన్ ఆపేయమని డాక్టర్ రాశారు. చార్టులో బంద్ అంటే ఇదీ. మందు ఆపితే బంద్ పెట్టిండ్రు అంటామని యాదగిరి నాకు ఓపికగా చెప్పాడు. మా ఇంట్లో బంద్ అంటే దుకాణాలు మూయడమే.

నేను ఫోన్‌లో ఇంజెక్షన్ ఇవ్వమని నీకే చెప్పి ఉంటే ఏం చేసేవాడివని అడిగాను.

"ఇచ్చేసేటోన్ని సార్. ముప్పై మందికి ఒక్కన్ని. షీటు చూసే టైమేడిది?"

మల్లేశ్ నిద్రపోతున్నాడు. దుప్పటి కదులుతోందా లేదా అని కాసేపు చూశాను. కదులుతోంది.

ఫోన్ ఎత్తినావిడ ఎవరని అడిగాను. పొద్దుటి నుంచి ఆడవాళ్లెవరూ డ్యూటీకి రాలేదన్నాడు. తర్వాత బీరువా పైకి చూపించాడు. న్యూస్‌పేపర్‌లో చుట్టిన ఫోన్ సెట్టు. ఎలుకలు వైరు కొరికి మూడు రోజులైందట. గోడ దగ్గర తెగిన కొస వేలాడుతోంది. నా మొబైల్ తీసి చూసుకున్నాను. అదే నంబర్, నాలుగు నిమిషాలు.

ఎక్కడో లైన్లు కలిసి ఎవరింటికో పోయిందనుకుందాం. నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నాను. కానీ మల్లేశ్ పేరు నాకే తెలియదు. నా దగ్గరున్న కాగితంలో అది నల్ల ఇంకు కింద ఉంది.

జరగబోయి ఆగిపోయిన పొరపాట్లకు కూడా మేం ఒక ఫారం నింపాలి. పొరపాటు ఎవరిది అన్న చోట నా పేరు రాశాను. పొరపాటును ఆపినవారు అన్న గడి ఖాళీగా వదిలేస్తే మేడం వెనక్కి పంపారు. "ఫోన్ ఎత్తిన మనిషి" అని రాసి ఇచ్చాను. దాని పక్కన ఎర్ర ఇంకుతో "పేరు?" అని రాసి మళ్లీ పంపారు.

ఆ ఫారం ఇంకా నా దగ్గరే ఉంది.