నొక్కడానికి సందు లేని పాట

ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ ఉన్న ప్రతివాడూ సంగీత దర్శకుడే. నేనూ అయ్యాను. (సంగీతం రాదన్న చిన్న లోటును నేనసలు పట్టించుకోలేదు.) ఇంజనీరింగ్‌లో మూడు సబ్జెక్టులు తప్పి కల్లూరులో బాబాయి ఇంట్లో తిని కూర్చుంటే, ఆయనొకనాడు బేరం పెట్టాడు. "మన నీళ్ల వంతు రేపటితోటి అయిపోతది. ఒక్కరోజుల నాటు పడాలె. నీ పెట్టెల ఏదన్న పాట పెట్టి ఆడోళ్ల చేతులు ఉరికించు, పెద్ద కీబోర్డు కొనిస్త. లేకుంటే పో, సబ్జెక్టులు రాసుకో."

ఆ సాయంత్రమే నాట్ల ముఠాను నడిపే పెద్దమ్మను నా చిన్న కీబోర్డు ముందు కూర్చోబెట్టి, నాటు పాట పాడుతూ ఒక మీటను వేలితో కొట్టమన్నాను. కీబోర్డు నొక్కింది ల్యాప్‌టాప్‌లో మిడి అనే ఫైలుగా ఎక్కుతుంది, అందులో శబ్దం ఉండదు. ఏ మీట, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారన్న లెక్కే ఉంటుంది. దాన్ని డప్పుగానో తబలాగానో మనిష్టమొచ్చినట్టు మోగించుకోవచ్చు. చూస్తే ఆమె ప్రతి దెబ్బా తెరమీద తాళం గీత దాటాకే పడుతోంది. "నీ తాళం తప్పింది పెద్దమ్మా, సరిచేస్తా," అన్నాను (నలభై ఏళ్లుగా పాడుతున్న మనిషితో!). "అవ్, జెయ్ బిడ్డా," అని నవ్వి వెళ్లిపోయింది. దెబ్బలన్నీ గీతమీదికి జరిపి, వేగం ఒకటిన్నర రెట్లు పెంచి, డప్పు మోత తగిలించాను.

మర్నాడు గట్టుమీద స్పీకరు అదిరింది, ముఠా ఉరికింది, పొద్దు వాలకముందే నాటు ముగిసింది. బాబాయి నా వీపు తట్టి "శభాష్‌రా!" అన్నాడు. జన్మలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. తెల్లారి చూస్తే సగం నారు నీళ్లమీద తేలుతోంది.

బాబాయి కేకలకు పెద్దమ్మ కొంగు దోపుకుని నింపాదిగా వచ్చింది. "మాదేంది తప్పు? పాట చెప్పినట్టే పెట్టినం. పెట్టినంక బురదలకు నొక్కాలె గదా? నొక్కెటందుకు సందేది బిడ్డా, నీ పాటల?"

తేలిన నారంతా ఏరి, నడుము విరిగేలా మళ్లీ నాటింది నేనే, ఆమె పాట వెనకాలే. కీబోర్డు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు హైదరాబాదు స్టూడియోలో నాకు బాగానే పేరుంది. ఎన్ని సాఫ్ట్‌వేర్లు మారినా మిడి మాత్రం పోలేదు. సరిచేయకముందు దాచిన పెద్దమ్మ వేలి లెక్క ఇప్పటికీ తెరుచుకుంటుంది. దానిమీదే ఎన్నో పాటలకు డప్పులు మోగించాను. "ఈ ఫీల్ ఎక్కడ పట్టావన్నా?" అని కుర్రాళ్లడిగితే "అనుభవం" అంటాను, సిగ్గు లేకుండా. పాట కింద పడేదీ నా పేరే.

మొన్న కల్లూరు వెళ్లినప్పుడు అలాంటి పాటొకటి ఆమెకు వినిపించాను. కళ్లు మూసుకుని, బొటనవేలు కదిలిస్తూ చివరిదాకా విన్నది. "మంచిగుంది బిడ్డా," అని నా తల నిమిరింది. "గిప్పటికి నేర్చినవ్ నువ్వు."

ఆ వేలు నీదే పెద్దమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. నవ్వి, ఫోను జేబులో పెట్టుకున్నాను.