తాత చెవి మీది జనపనార

మా తాత కుళాయిలు బాగుచేస్తాడు. వడ్రంగులు చెవి మీద పెన్సిల్ పెట్టుకున్నట్టు ఆయన జనపనార పోగు పెట్టుకుంటాడు. దానికి నూనె రాసి, పైపు మరలకు చుట్టి, పైపుతో పాటు తన పళ్ళు కూడా బిగిస్తాడు. మొన్న మా వంటింటి పైపే కారింది. అమ్మమ్మ నారకు బదులు చుట్టే ప్లాస్టిక్ టేపు చుట్ట చేతబట్టుకుని వచ్చింది. "మూడోసారి చుడుతున్నావు. ఇప్పుడు ఒక్క చుక్క కారినా ఆ నార చెత్తబుట్టలోకే. నువ్వు ఇక పని మానేసి మూల కూర్చోవాలి!"

తాత చుట్టడం ఆపేశాడు. నేను బడి నిఘంటువు తెచ్చాను. "తాతా, ఇంగ్లీషులో స్టాప్ అంటే మొదట్లో ఆగడం కాదట, కన్నంలో ఏదైనా కూరి మూసేయడమట. ఆ మాట పుట్టిందే నార అనే అర్థమున్న పాత లాటిన్ మాట నుంచట!"

"ఇన్నాళ్ళూ చెప్పవేమే! ఆగడం ఇంగ్లీషువాళ్ళకి తరవాత తెలిసింది, ముందు తెలిసింది నా పనే!" అంటూ తాత మీసం దువ్వి, తీరిగ్గా ఇంకో రెండు చుట్లు చుట్టి బిగించాడు.

నీళ్ళు వదిలాం. అమ్మమ్మ పైపు కింద అరచేయి పట్టి చాలాసేపు నిలబడింది. చెయ్యి తడవలేదు. మిగిలిన పోగు తీసి తాత చెవి మీద తనే పెట్టింది.

"పక్కింట్లోనూ కారుతోందట. వెళ్ళు, మళ్ళీ మూడుసార్లు చుట్టకు!"