ఫెర్గస్ దొర కడియం

ముసలమ్మ హాడో బజార్లో చేపలమ్ముతుంది. నోరు పెద్దది. ఎవరైనా గీసి గీసి బేరమాడితే గంప తీసి పక్కన పెట్టేస్తుంది. ఫెర్గస్ దొర పేరెత్తితే మాత్రం ఆ నోరే మెత్తబడుతుంది. ఈ దీవుల చుట్టూ తిరిగి పటం గీసిన మహానుభావుడని బడిలో పిల్లల చేత వల్లె వేయిస్తారే, ఆ దొరే. తుపానులో దొర పడవ మునిగితే ఆయన్ని ఒడ్డుకు చేర్చి తాను చచ్చిపోయాడట, ఆ పడవలో తెడ్డు వేసే లక్ష్ముడు, ముసలమ్మ మామగారి తాత. లక్ష్ముడి పెళ్ళాన్ని వెతుక్కుంటూ వచ్చి దొర తన చేతులతో ఒక ఇనప కడియం ఇచ్చి వెళ్ళాడట.

అప్పట్నుంచీ ఆ ఇంటి మగాడు కొత్త పడవెక్కితే కుడికాలికి ఆ కడియం ఉండాల్సిందే. పసుపు రాసి, తాడుతో బిగించి కట్టేది ఇంటి ఆడది.

కొడుకు శివాజీకి ముసలమ్మే కట్టింది. "బరువుగున్నాదే అమ్మా" అన్నాడు వాడు. "దొర చెయ్యి బరువుండదేటిరా" అని కసిరింది. ఆ రోజే ఒడ్డు కనబడే దూరంలో పడవ తిరగబడింది. మిగతావాళ్ళంతా ఈదుకొచ్చేశారు. గజ ఈతగాడు శివాజీ ఒక్కడే రాలేదు. మర్నాడు రాళ్ళ సందులో కడియం ఇరుక్కుని శవం దొరికింది. "సముద్రానికి ఇయ్యకుండా దొరే నా బిడ్డ కాలట్టుకున్నాడు" అని చెప్పుకుంటూ ముసలమ్మ ఆరేళ్ళు నెట్టుకొచ్చింది. ఆ మాట లేకపోతే ఎప్పుడో పోయేది.

దొర చరిత్ర తవ్వుతున్న కళ్యాణి మొన్న డిగ్నాబాద్‌లో ముసలమ్మ ఉండే ఇంటికి వచ్చింది. ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల, మాటల్లో హిందీ దొర్లుతుంది. దొర పడవ ముక్కలు ఈమధ్యే సముద్రంలో దొరికాయట. మ్యూజియంలో దొర పక్కన కొడుకు పేరు కూడా రాయిస్తారేమోనన్న ఆశతో ముసలమ్మ కడియం తెచ్చి ఇచ్చింది. కళ్యాణి సంచిలోంచి తుప్పుపట్టిన గొలుసు తీసింది. ఆ పడవలో తెడ్లు వేసేవాళ్ళు కూర్చునే బల్లకు బిగించి ఉన్న గొలుసు అది. దాని కొక్కెం కడియానికున్న కన్నంలో ఇట్టే కూర్చుంది.

"మిల్ గయా!" అని గంతేసినంత పని చేసింది కళ్యాణి. "ఇది కడియం కాదు అమ్మమ్మా, బేడీ! పారిపోకుండా మనవాళ్ళని పడవకే కట్టేశాడు దొర. అందుకే వాడొక్కడే బతికాడు. గొలుసు ఊడి లక్ష్ముడి శవం కొట్టుకొస్తే, కాలికున్నది విప్పి బహుమతని మీకు అంటగట్టాడు. సోచో, ఇన్నేళ్ళూ ఎవరికీ తెలీదు!"

"ఇది కాలికుంటే ఈదలేరేటమ్మా?" అని అడిగింది ముసలమ్మ.

"కైసే ఈదుతారు? సీదా కిందికే."

ఆ పిల్లకు శివాజీ సంగతి తెలియదు. తెలిసినా ఆ సంబరంలో ఆగేది కాదేమో. ఫోను తీసి వీడియో మొదలుపెట్టింది.

"దీన్ని చివరిసారి ఎవరు వేసుకున్నారు అమ్మమ్మా?"

"నా కొడుకు."

"ఎవరు కట్టారు?"

ముసలమ్మ రెండు చేతులూ ముందుకు చాపింది.

"అలాగే ఉంచండి" అంది కళ్యాణి, బేడీ తీసి ఆ చేతుల్లో పెడుతూ. "ఇది కూడా పట్టుకుంటే వీడియో బాగా వస్తుంది."