అందగానే ఓకే

ఏలూరు ఆఫీసులో పాత కంప్యూటరు, తాడేపల్లిగూడెం ఆఫీసులో కొత్తది. ఒకదాని భాష ఒకదానికి తెలియదు. కొల్లేరు చేపల లారీల బరువులు ఏలూరు నుంచి గూడేనికి ఫోను లైను మీద వెళ్లేలా, ఆ రెండూ మాట్లాడుకునే పద్ధతి రాయడం నా పని. అందులో ప్రాణం లాంటి నియమం ఒక్కటే: బరువు డిస్కులో భద్రమయ్యాకే గూడెం కంప్యూటరు ‘ఓకే’ అనాలి. అది విన్నాకే ఏలూరుది తన దగ్గరున్నది చెరిపేస్తుంది.

వారం తిరక్కుండానే లెక్కల్లోంచి లారీలు మాయం కాసాగాయి. ఇక్కడా లేవు, అక్కడా లేవు. గూడెంలో ప్రోగ్రాం రాసిన పెద్దాయనకు ఫోన్ చేశాను.

“మీ కంప్యూటరు ఓకే ఎప్పుడంటోందండీ?”

“అందగానే అనేస్తుందండీ.”

“భద్రం చేశాక కదండీ అనాలి!”

“తర్వాత నెమ్మదిగా చేసుకుంటుందండీ. అవతలివాళ్లు పిలుస్తుంటే అంతసేపు పలక్కుండా కూర్చుంటే ఏం మర్యాదండీ?”

“ఈలోగా కరెంటు పోతే ఆ బరువు ఏమవుతుందండీ?”

“పోతుందండీ. మనమేం చేస్తాం?”

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా తమాయించుకుని, ప్రోగ్రాంలో ఎక్కడ ఏ లైను మార్చాలో మొదటినుంచీ చెప్పాను. ప్రతి మాటకీ ఆయన “ఆయ్” అన్నారు. హమ్మయ్య అనుకుని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు మళ్లీ లారీ మాయం.

“మారుస్తానన్నారు కదండీ!” అని ఫోన్లో అరిచాను.

“నేనెప్పుడన్నానండీ?” అన్నారాయన నొచ్చుకుంటూ. “మీరు చెబుతుంటే పలక్కపోతే బాగుండదని, ఆయ్ అన్నానంతేనండీ.”