టువాలు వేసిన సీటు: నల్లమాడ నుంచి కదిరికి

నల్లమాడలో మా అక్కావాళ్లింట్లో రెండు పూటలు బొరుగుల ఉగ్గాని తిని పడుకుందామని వెళ్లినవాణ్ణి. పొద్దున్నే ల్యాండ్‌లైన్ మోగింది. బెంగళూరు నుంచి రఫీ. మేమిద్దరం ఒక ప్రోగ్రామింగ్ భాషకు సహాయ పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను చూసుకునేవాళ్లం. జీతం లేదు, తిట్లు మాత్రం అన్ని దేశాల నుంచీ వచ్చేవి. పాత పేజీలు అలాగే మిగిలిపోతున్నాయని జనం గోలపెడితే, కొత్తవి రాసేముందు, పేజీలు ఎక్కడ పెట్టమంటే ఆ ఫోల్డరును ఖాళీ చేసేలా అప్పుడే మార్చాం.

"ఖాళీ చేయడం కాదప్పా, ఊడ్చేస్తాండాది," అన్నాడు రఫీ. "పొరపాటున నా సొంత ఫోల్డరు పేరు ఇచ్చినా. మా పాప ఫోటోలు సగం పోయినాయి."

ఆ సాయంత్రమే ఆ భాష కొత్త వెర్షన్ విడుదల. అందులో మాది కూడా ఉంటుంది. అప్‌లోడుకు కావలసిన, పాస్‌వర్డులాంటి తాళం ఫైలు నా పెన్ డ్రైవ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు, రఫీ దగ్గరా లేదు. రేపు ఎవరెవరి ఏళ్ల కష్టం మావల్ల తుడిచిపెట్టుకుపోతుందో!

దగ్గరలో ఇంటర్నెట్ అంటే కదిరే. పది గంటల బస్సు అప్పటికే కిక్కిరిసి ఉంది. ఒక్క సీటు మాత్రం ఖాళీ, దానిమీద టువాలు. భయంలో మర్యాద గుర్తుంటుందా? టువాలు పక్కకు నెట్టి కూలబడ్డాను.

"ఏమప్పా, టువాలు కనపళ్లేదా?" టీ తాగి బస్సెక్కిన ఒక పెద్దావిడ నా నెత్తిమీద నిలబడింది.

"ఎవురూ లేరు గదక్కా."

"మనిషి లేకుంటే సీటు నీదైపోతాదా? నీ టువాలు యాడుండాదో ఆడ కూర్చో పో!"

లేచి నిలబడ్డాను. ఎండిన వేరుశనగ చేలు వెనక్కి పోతున్నాయి, ఆవిడ మాట మాత్రం నన్ను వదల్లేదు. సగం దారిలో తట్టింది. మా సాఫ్ట్‌వేర్‌కు కూడా ఒక టువాలు ఉండాలి! తను తయారుచేసిన ఫోల్డరులో చిన్న గుర్తు ఫైలు వేసుకోవాలి. అది కనిపిస్తేనే ఖాళీ చేయాలి, లేకపోతే ముట్టుకోకూడదు.

కదిరి బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో గంటకు ఇరవై రూపాయలు. "రెండింటికి కరెంటు పోతాదన్నా, జల్దీ కానీ," అన్నాడు ఓనరు. రాశాను. ఇంత హడావుడిలో రాస్తే తప్పులు రాకుండా ఉంటాయా? దిద్దుకుంటూ, మళ్లీ రాస్తూ, గుర్తు ఫైలు లేని ఉత్తుత్తి ఫోల్డరు ఒకటి పెట్టి నడిపాను. "ఇది నాది కాదు" అని ఆగిపోయింది. అప్‌లోడ్ నొక్కాను. కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని అరిచింది, ఎంత చేరిందో చూపే గీత చివరిదాకా పాకిందో లేదో చూసేలోపే తెర నల్లబడింది.

చేరిందా, లేదా? ఎస్‌టీడీ బూత్‌కు పరిగెత్తి రఫీకి టువాలు సంగతంతా చెప్పి, దింపుకుని చూడమన్నాను. ఫోన్ పెట్టకుండా, బూత్ మీటరు మీద పెరుగుతున్న రూపాయలు చూస్తూ నిలబడ్డాను.

"వచ్చిందప్పా. మిగిలిన పాప ఫోటోలు పొద్దున్నే సీడీకెక్కించినా, ఇప్పుడు ఆ ఫోల్డరు మీదే నడిపినా," అన్నాడు చివరికి. "తన టువాలు లేదని కూర్చోలేదు. నిలబడే ఉండాది."

ఆ బూత్‌లోనే ఏడ్చేశాను. ఇప్పటికీ చెరిపే ఆదేశం ఒక్క లైను రాయాలన్నా నాకు భయమే. ఆ భయం పోకూడదనే కోరుకుంటాను. అవతల ఉండేవి మనకు కనబడని మనిషి వస్తువులు మరి.

నల్లమాడ నుంచి కదిరికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: టువాలు తీసుకెళ్లండి, ఎక్కకముందే కిటికీలోంచి సీటు మీద వేయండి. ఇంకొకరిది కనబడితే మాత్రం నిలబడండి.